కేప్‌కి బరువు ఉండాలి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో 1970ల నాటి బ్యాట్‌మ్యాన్ కామిక్ పేజీ ఒకటి వేసి, నీల్ ఆడమ్స్ గీసిన ఈ రియలిస్టిక్ బొమ్మ, అంటే మనిషి నిజం మనిషిలా కనపడే ఈ బొమ్మ దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను అని రెండు ముక్కలు రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి, ఈసారి మొత్తం పాత సూపర్‌హీరో కామిక్స్ బొమ్మల గురించే మాట్లాడుకుందాం.

ప్రశ్న: మీరు వేసిన పేజీ ఫోన్‌లో జూమ్ చేసి మరీ చూశాను సార్. అంతా చుక్కలు చుక్కలుగా ఉంది, రంగులు వెలిసిపోయినట్టున్నాయి. ఇప్పుడొచ్చే కామిక్స్‌లో డిజిటల్ కలరింగ్ వల్ల ప్రతి కండా మెరుస్తుంది. మరి ఆ పాత బొమ్మని పట్టుకుని రియలిస్టిక్ అని ఎందుకంటున్నారు? అసలు దాన్ని ఎలా చూడాలి? (డిగ్రీ స్టూడెంట్, తెనాలి)

జవాబు: బాబూ, ముందు అచ్చు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నువ్వు చెప్పిన చుక్కలూ వెలిసిన రంగులూ అక్కడివే. అప్పటి అమెరికన్ కామిక్ అంటే 12 సెంట్లకి, ఆ తర్వాత 15 సెంట్లకి దొరికే పుస్తకం, న్యూస్‌పేపర్ లాంటి ముతక కాగితం మీద అచ్చయ్యేది. నలుపు కాక మూడే రంగులు, పసుపు, ఎరుపు, నీలం, ఒక్కోదాన్ని పావు, సగం, పూర్తి అని మూడు మోతాదుల్లో వేసేవాళ్ళు, అసలు వేయకుండా వదిలేయడం కూడా లెక్కేస్తే నాలుగు, అలా అన్నీ కలిపి చూస్తే మొత్తం 64 రంగులు వచ్చేవి. కలరిస్టు బొమ్మ కాపీ మీద రంగు పూసి పక్కన కోడ్ రాసేవాడు, తెల్లవాళ్ళ ఒంటి రంగుకి వై2 ఆర్2 అని, అంటే పసుపు పావు, ఎరుపు పావు, ఆ కోడ్ చూసి ఇంకెక్కడో ఇంకెవరో ప్లేట్లు తయారు చేసేవాళ్ళు. బుగ్గ మీద వెలుగు మెల్లగా నీడలోకి జారిపోయే షేడ్ ఈ పద్ధతిలో ఎక్కడ కుదురుతుంది చెప్పు? కాబట్టి మనిషి మనిషిలా కనపడాలంటే ఆ పనంతా నల్ల ఇంకు గీతే చేయాలి.

ఇప్పుడు ఒక పని చెయ్యి. ఆ పేజీని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చు. నువ్వు మెరుస్తుంది అంటున్న కొత్త పేజీ ఒకటి తీసుకుని దాన్నీ మార్చు. రెండూ పక్కపక్కన పెట్టి, వెలుగు ఎటు నుంచి వస్తోందో వెతుకు. కొత్త వాటిలోనూ గొప్పగా గీసేవాళ్ళు ఉన్నారు, కాదనను, కానీ చాలా పేజీల్లో రంగు తీసేస్తే వెలుగు కూడా పోతుంది. ఆడమ్స్ పేజీలో పోదు. దీపం కుడి పక్కన ఉంటే ముక్కు నీడ ఎడమ బుగ్గ మీద పడుతుంది, గడ్డం కింద మెడ మొత్తం నల్లగా ఉంటుంది, ఆ నలుపులోనే దవడ అంచు దగ్గర సన్నగా ఒక తెల్ల గీత వదిలేసి ఉంటుంది, అది వెనక గోడ మీంచి తిరిగొచ్చిన వెలుగు. ఆ తెల్ల గీత చూసినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటుంది, నిజంగా. వెనక ఒక గోడ ఉందని, అది మరీ దూరం కాదని గోడని గీయకుండానే చెప్పేశాడు ఆ మనిషి.

తర్వాత బట్ట చూడు. సూపర్‌హీరో వేసుకునేది ఒంటికి అతుక్కునే డ్రెస్సు, చాలామంది బొమ్మకారులు దాన్ని ఒంటికి పూసిన రంగులా గీసేస్తారు, ఇక భుజాల నుంచి వీపు మీదకి వేలాడే కేప్ అయితే వెనకాల ఎగిరే జెండా. ఆడమ్స్ గీసిన బ్యాట్‌మ్యాన్ కేప్‌కి బరువు ఉంటుంది. తడిసిన దుప్పటి దండెం మీద వేసినప్పుడు గమనించు, తాడు దగ్గర ముడతలన్నీ బిగుసుకుని, కిందకి వచ్చేసరికి విడిపోయి, అంచు దగ్గర బరువుకి సాగి ఉంటుంది కదా, సరిగ్గా అలాగే భుజం దగ్గర బిగుసుకున్న మడతలు కింద విచ్చుకుంటాయి. అంత బరువైన బట్ట గాల్లోకి లేచిందంటే ఆ మనిషి ఎంత వేగంగా దూకాడో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కండలు మూడో సంగతి, నిజానికి నన్నడిగితే ఆఖరి సంగతి. చెయ్యి మన వైపు చాచినప్పుడు అరచెయ్యి పెద్దగా, మోచెయ్యి దాని వెనకాల దాదాపు కనపడకుండా పోవాలి, ఇది గీయడం చాలా కష్టం, కొంచెం తప్పినా చెయ్యి విరిగినట్టుంటుంది. ఆడమ్స్ ఆ కష్టాన్ని కావాలనే నెత్తికెత్తుకుంటాడు, ప్రతి రెండో పేజీలో ఎవరో ఒకరు మన మొహం మీదకి వస్తూనే ఉంటారు.

ఇదంతా ఆయనకి ఎక్కడ వచ్చిందంటే, సూపర్‌హీరోల దగ్గర కాదు. ఆయన 1941లో న్యూయార్క్‌లో పుట్టాడు, యాడ్ ఏజెన్సీకి బొమ్మలు వేశాడు, 21 ఏళ్ళకే బెన్ కేసీ అనే డాక్టర్ సీరియల్ ఆధారంగా వచ్చిన న్యూస్‌పేపర్ స్ట్రిప్, అంటే పేపర్లో కొన్ని గళ్ళలో వచ్చే బొమ్మల కథ, చేతికి వచ్చింది, 1962 నుంచి 66 దాకా అదే గీశాడు. ఆలోచించు, ఫైటింగ్ లేదు, ఎగరడం లేదు, ఒక గది, ఒక మంచం, ఒక పేషెంటు, ఒక డాక్టరు, రోజూ అదే. పాఠకుడు మళ్ళీ రేపు చూడాలంటే మొహంలోనే ఏదో జరగాలి. ఆ చెయ్యి 1967లో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ పుస్తకాలు వేసే డీసీ కంపెనీకి వచ్చి డెడ్‌మ్యాన్ అనే చచ్చిపోయిన సర్కస్ ఆటగాడి కథ పట్టుకుంది, తర్వాత బ్యాట్‌మ్యాన్.

అప్పటికి బ్యాట్‌మ్యాన్ పరిస్థితి ఏంటంటే, 1966లో మొదలైన టీవీ సీరియల్ కామెడీగా, రంగురంగులుగా, పట్టపగలు నడిచేది, జనానికి బ్యాట్‌మ్యాన్ అంటే అదే. ఆడమ్స్ 1968లో బ్రేవ్ అండ్ ది బోల్డ్ పుస్తకంలో వేరే రచయిత కథలకి బొమ్మలు వేస్తూ, డైలాగులు ముట్టుకోకుండా పగటి సీన్లని రాత్రి సీన్లుగా మార్చేశాడు, తలుపు తీసుకుని లోపలికి రావాల్సిన బ్యాట్‌మ్యాన్‌ని కిటికీలోంచి రప్పించాడు. కథ అదే, మాటలు అవే, కానీ మనిషి మారిపోయాడు. ఆ తర్వాత రచయిత డెన్నీ ఓనీల్‌తో కలిసి 1970 నుంచి చేసిన కథలు అందరికీ తెలిసినవే. ఒక బొమ్మకారుడు వెలుతురు మార్చి పాత్రనే మార్చేశాడు అనేదానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలీదు.

ఇంకొక్క పేజీ చెప్పి వదిలేస్తాను. గ్రీన్ లాంటర్న్ అని, వేరే గ్రహాల వాళ్ళకి కూడా సాయం చేసే హీరో ఉన్నాడు, 1970లో వచ్చిన ఆయన పుస్తకం 76వ సంచిక, ఇది కూడా ఓనీల్ రాసిందే. అందులో ఒక నల్లజాతి ముసలాయన గ్రీన్ లాంటర్న్ ముందుకొచ్చి, నీలం రంగు వాళ్ళకి సాయం చేశావట, నారింజ రంగు వాళ్ళకి చేశావట, ఊదా రంగు వాళ్ళకీ చేశావట, మరి మా నల్లవాళ్ళని పట్టించుకోలేదేంటి అని అడుగుతాడు. అంతరిక్షం మొత్తం తిరిగిన హీరో తల దించుకుంటాడు. ఆ ముసలాయన మొహంలో ప్రతి ముడతా ఒక మనిషిని చూసి గీసినట్టుంటుంది, అది కార్టూన్ మొహం అయ్యుంటే ఆ ప్రశ్న తగిలేది కాదు, చదివి పక్కన పెట్టేసేవాళ్ళం. బొమ్మ నిజంగా ఉండటం వల్ల ఆ సిగ్గు కూడా నిజమైంది. రియలిజం ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను ఈ పేజీయే చూపిస్తాను.

ప్రశ్న: మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఇంద్రజాల్ కామిక్స్ ఒక కట్ట ఉంది, మా నాన్నగారు బైండ్ చేయించి ఉంచారు. ఫాంటమ్, రిప్ కిర్బీ, ఫ్లాష్ గోర్డాన్. మీరు చెప్పే రియలిస్టిక్ బొమ్మలకీ వీటికీ ఏమైనా చుట్టరికం ఉందా? (రిటైర్డ్ బ్యాంక్ ఉద్యోగి, విజయవాడ)

జవాబు: చుట్టరికం అంటే మామూలు చుట్టరికం కాదండీ, తాతా మనవలు. ఆ కట్ట జాగ్రత్తగా ఉంచండి దయచేసి, కర్పూరం ఉండలు వేసి, ఎండ తగలకుండా.

1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు ఇంద్రజాల్ మొదలుపెట్టినప్పుడు తీసుకున్నవి అమెరికన్ న్యూస్‌పేపర్ స్ట్రిప్పులు. ముందు ఫాంటమ్ ఒక్కటే, తర్వాత మాండ్రేక్, ఫ్లాష్ గోర్డాన్, రిప్ కిర్బీ, ఫిల్ కారిగన్ వచ్చి చేరాయి. వీటిలో ఫ్లాష్ గోర్డాన్ 1934లో మొదలుపెట్టిన అలెక్స్ రేమండ్ అనే ఆయన్నే సూపర్‌హీరో బొమ్మకారులు ఒక తరం మొత్తం చూసి నేర్చుకున్నారు. సూపర్‌మ్యాన్ 1938లో వచ్చాడు, బ్యాట్‌మ్యాన్ 39లో, అంటే వాళ్ళని గీసిన కుర్రాళ్ళందరూ ఆదివారం పేపర్లో రేమండ్ బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్ళే.

యుద్ధం నుంచి తిరిగొచ్చాక రేమండ్ 1946లో రిప్ కిర్బీ మొదలుపెట్టాడు. కళ్ళద్దాలు పెట్టుకుని పైపు కాల్చే డిటెక్టివ్, మీ కట్టలో చూడండి, గది మూల దీపం, సోఫా మీద కూర్చున్న ఆవిడ గౌను మడత, కిటికీ తెర, అన్నీ బ్రష్షుతో, రెండు మూడు దెబ్బల్లో పడ్డవే. 1956లో కారు యాక్సిడెంట్‌లో ఆయన పోయాడు, అప్పుడు పక్క సీట్లో ఉన్నది స్టాన్ డ్రేక్ అని ఇంకో గొప్ప రియలిస్టిక్ స్ట్రిప్ ఆర్టిస్టు, ఆయన బతికాడు. తర్వాత రిప్ కిర్బీని జాన్ ప్రెంటిస్ ఎన్నో ఏళ్ళు గీశాడు, మీ పుస్తకాల్లో ఎక్కువ ఆయనవే అయ్యుండొచ్చు, ఫాంటమ్ అయితే 1961 నుంచి సై బారీ. నీల్ ఆడమ్స్ బెన్ కేసీ గీసింది సరిగ్గా ఈ రేమండ్, డ్రేక్ దారిలోనే, అక్కడ నేర్చిన గీతని తీసుకొచ్చి బ్యాట్‌మ్యాన్‌కి తొడిగాడు.

మీరు ఉత్తరం చివర్లో చందమామ శంకర్ గారి విక్రమార్కుడు కూడా ఇలాగే ఉంటాడు కదా అన్నారు. శవాన్ని భుజాన వేసుకున్న ఆ రాజు నడకలో బరువు కనిపిస్తుంది, అంతవరకు నిజమే. కానీ శంకర్ గారి గీత వేరే ఇంటిదండీ, అక్కడ గుడీ చెట్టూ నగా ప్రతిదీ సమానంగా స్పష్టంగా ఉంటుంది, వీళ్ళు మాత్రం సగం బొమ్మని నలుపులో ముంచేస్తారు. రెండూ నాకు ప్రాణమే, ఒకదానితో ఒకటి కొలవను.

ప్రశ్న: రియలిజం అంత గొప్పదైతే జాక్ కిర్బీ సంగతి ఏంటి? ఆయన వేళ్ళు చతురస్రంగా ఉంటాయి, మోకాళ్ళు ఇనప డబ్బాల్లా ఉంటాయి. (వరంగల్)

జవాబు: పైన చెప్పిన రిప్ కిర్బీ పాత్ర పేరు, ఈ జాక్ కిర్బీ బొమ్మకారుడు, కలిపేసుకోకండి. కిర్బీ గారిని ఎవరైనా తక్కువ చేస్తే నేను ఊరుకోలేను. 1961లో ఫెంటాస్టిక్ ఫోర్‌తో మొదలుపెట్టి ఆ దశాబ్దంలో ఆయన గీసిన ప్రపంచం లేకపోతే ఈరోజు సగం సూపర్‌హీరో సినిమాలు లేవు. ఆయన బొమ్మలో నిజం దెబ్బలో ఉంటుంది, ఒక గుద్దు పడితే పేజీ అదురుతుంది. ఆడమ్స్ బొమ్మలో నిజం ఆ దెబ్బ తిన్నవాడి మొహంలో ఉంటుంది. రెండూ కావాలి.

కానీ ఒక సంగతి మనసులో ఉండిపోయింది, చెప్తాను. 1970లో కిర్బీ డీసీకి వెళ్ళి సూపర్‌మ్యాన్ ఉన్న కథలు గీస్తే, ఆ సూపర్‌మ్యాన్ మొహాలు కంపెనీ లెక్కకి సరిపోవట్లేదని వేరేవాళ్ళ చేత మళ్ళీ గీయించారు, అల్ ప్లాస్టినో, మర్ఫీ ఆండర్సన్ లాంటి వాళ్ళ చేత. ఒళ్ళు కిర్బీది, మొహం ఇంకొకరిది. ఆ మొహాలు ఇంకాస్త నిజంగా ఉన్నాయి, చక్కగా ఉన్నాయి, కానీ ఆ పేజీలు చూస్తే నాకు బాధేస్తుంది, పెళ్ళి ఫోటోలో ఒకళ్ళ తల మార్చి అతికించినట్టుంటుంది. రియలిజం పేరు చెప్పి ఇంకో కళాకారుడి గీత చెరిపేయడం నాకు ఎప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు.

ఇదే గొడవ అంతకుముందు ఇంకో ఇంట్లోనూ ఉంది. 1940లలో ఫాసెట్ కంపెనీలో కెప్టెన్ మార్వెల్‌ని గీసిన సి.సి. బెక్ బొమ్మలు ఎంత సింపుల్‌గా ఉంటాయంటే చుక్క పెడితే కన్ను, అదే కంపెనీలో కెప్టెన్ మార్వెల్ జూనియర్‌ని గీసిన మాక్ రాబాయ్ పక్కా రేమండ్ దారి, సన్నటి గీతలు, గాల్లో తేలే పిల్లవాడి ఒంట్లో ప్రతి ఎముకా తెలుస్తుంది. బెక్ చివరిదాకా రియలిస్టిక్ బొమ్మలు కామిక్స్‌కి పనికిరావనే వాదించాడు, బొమ్మ ఎక్కువైతే కథ ఆగిపోతుందని ఆయన బాధ. ఆ మాట కొట్టిపారేసేది కాదు. రాబాయ్ బొమ్మ దగ్గర నేను ఆగిపోతాను, బెక్ బొమ్మల మీదుగా పరిగెడతాను. నాకు ఆగడం ఇష్టం, అంతే తేడా.

ప్రశ్న: మా బాబుకి 13 ఏళ్ళు, పొద్దస్తమానం సూపర్‌హీరోలు గీస్తాడు. పొట్ట మీద ఆరు పలకలు, చేతుల మీద నరాలు, అన్నీ గీస్తాడు కానీ బొమ్మ మాత్రం కొయ్యబొమ్మలా ఉంటుంది. ఏం చూపించమంటారు? (గృహిణి, కరీంనగర్)

జవాబు: అమ్మా, వాడు గీయడం ఆపకుండా చూసుకోండి, మిగతాదంతా వస్తుంది. కొయ్యబొమ్మలా ఎందుకుంటుందంటే వాడు కండల్ని విడివిడిగా నేర్చుకుంటున్నాడు, నిలబడటం నేర్చుకోలేదు. మనిషి నిలబడితే బరువు ఎప్పుడూ ఒక కాలి మీదే ఎక్కువ పడుతుంది, అటు నడుము పైకి లేస్తుంది, అటు భుజం కిందకి దిగుతుంది. బస్టాప్‌లో నిలబడ్డవాళ్ళని చూసి గీయమనండి, కండలు లేకుండా, ఊరికే గీతలతో, రోజుకి పది బొమ్మలు. ఒక నెల తర్వాత అదే మనిషికి కేప్ తగిలించమనండి.

చూడటానికైతే కర్ట్ స్వాన్ గీసిన సూపర్‌మ్యాన్ చూపించండి, 1950ల మధ్య నుంచి 1986 దాకా దాదాపు ముప్పై ఏళ్ళు ఆయన చేతిలోనే ఉన్నాడు సూపర్‌మ్యాన్. ఆయన గురించి ఎవరూ పెద్దగా గొంతెత్తి మాట్లాడరు, ఎందుకంటే ఆయన బొమ్మ గట్టిగా అరవదు. ఆరు పలకల పొట్ట ఉండదు, ఛాతీ వెడల్పు ఉన్న ఒక మంచి మనిషి, పక్కింటి మేస్టారిలా నిలబడతాడు, దిగులు పడితే కనుబొమ్మల మధ్య చిన్న గీత వస్తుంది. అంత బలమైనవాడు దిగులు పడుతున్నాడే అని మనకి దిగులేస్తుంది. మర్ఫీ ఆండర్సన్ ఇంకింగ్ చేసిన, అంటే పెన్సిల్ బొమ్మ మీద ఇంకు దిద్దిన, 1970ల మొదటి పేజీలు దొరికితే ఇంకా మంచిది. కొలతల విషయంలో ఒక్కటే చెప్పండి, మామూలు మనిషి తన తలకి ఏడున్నర రెట్లు పొడవుంటాడు, హీరోని ఎనిమిదిన్నర, తొమ్మిది రెట్లు గీస్తారు, అందుకే దేవుడిలా కనిపిస్తాడు. మీ బాబు తలని పెద్దగా గీస్తున్నాడేమో ఒకసారి చూడండి.

ప్రశ్న: అలెక్స్ రాస్ పెయింటింగ్స్ చూశాక ఇక రియలిజంలో వెళ్ళడానికి ఏమీ మిగల్లేదు అనిపిస్తుంది. మీరేమంటారు? (విశాఖపట్నం)

జవాబు: 1994లో రాస్ బొమ్మలతో మార్వెల్స్ అనే కామిక్ వచ్చినప్పుడు నాకూ అలాగే అనిపించిందండీ. ప్రతి ప్యానెలూ, అంటే పేజీలో ఒక్కో గడీ, గ్వాష్ అనే చిక్కటి నీటి రంగులతో వేసిన పెయింటింగ్, నాలుగు పుస్తకాలు, పైగా కథ చెప్పేది హీరో కాదు, ఒక ప్రెస్ ఫోటోగ్రాఫరు, 1939 నుంచి 1970ల దాకా రోడ్డు మీద నిలబడి తల ఎత్తి ఈ మనుషుల్ని చూస్తూ ఉంటాడు. ఆ ఆలోచనకి ఆ బొమ్మలే కావాలి, ఇంకే రకం గీతా సరిపోదు. మామూలు మనిషి కంటితో చూస్తే వీళ్ళు ఎంత భయంకరంగా ఉంటారో, ఎంత అందంగా ఉంటారో అక్కడే మొదటిసారి తెలిసింది. రెండేళ్ళ తర్వాత రాస్ బొమ్మలు వేసిన కింగ్‌డమ్ కమ్ అనే కామిక్‌లో ముసలివాడైన సూపర్‌మ్యాన్, నడుం దగ్గర కొంచెం లావెక్కిన ఒళ్ళు, జుట్టులో తెలుపు. అందులో కథ నడిపే పాస్టర్‌కి మోడల్‌గా కూర్చున్నది రాస్ సొంత నాన్నగారు, ఆయన నిజంగానే చర్చి పాస్టరు. ఆ ముసలాయన మొహంలో ఉన్న ప్రేమ ఎక్కడిదా అని ముందే అనుకునేవాణ్ణి, ఈ సంగతి తెలిశాక అర్థమైంది.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. పెయింటింగ్‌లో మనిషి ఫోటోకి నిలబడ్డట్టు ఆగిపోతాడు. ఎగిరే సీన్లో కూడా ఆగే ఉంటాడు. ఇంకు గీతలో ఉండే పరుగు, బ్రష్షు సర్రున లాగి వదిలేసిన ఆ తొందర, అది రంగుల కింద అణిగిపోతుంది. అందుకే రాస్ కవర్ పేజీలు నేను గోడకి పెట్టుకుంటాను, చదవడానికి మాత్రం మళ్ళీ ఆడమ్స్ దగ్గరికే, స్వాన్ దగ్గరికే వెళ్తాను.

ప్రశ్న: ఫోటో చూసి గీయడం చీటింగ్ కాదా? (పేరు రాయని పాఠకుడు)

జవాబు: కాదు. స్టాన్ డ్రేక్ పోలరాయిడ్ కెమెరా వాడాడు, రాస్ స్నేహితులకి డ్రెస్సులు వేయించి ఫోటోలు తీస్తాడు. ఫోటో వెలుగు ఎక్కడ పడుతుందో చెప్తుంది, ఏ గీత ఉంచాలో ఏది తీసేయాలో చెప్పదు. ఫోటో మీద కాగితం పెట్టి దిద్దిన బొమ్మ ఎలా దొరికిపోతుందంటే, ఒకే మనిషి మొహం పేజీ పేజీకి వేరే మనిషిలా ఉంటుంది, పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి మీద వెలుగు రెండు వేర్వేరు వైపుల నుంచి పడుతుంది. అలాంటివి చూస్తే నాకు నచ్చదు, కానీ నచ్చనిది ఫోటో కాదు, ఆ బద్ధకం.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. ఆడమ్స్ బ్యాట్‌మ్యాన్ పుస్తకం కొనాలనుకుంటున్నాను. పాత సంచికలు కొనాలా, కొత్త హార్డ్‌కవరా? ఒకాయన కొత్తవి కొనొద్దు అన్నారు. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: మీరున్న చోట ఈ ప్రశ్న అడగగలగడమే అదృష్టమండీ. మేము ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో కూర్చుని, కవర్ చిరిగినవి, మధ్యలో పేజీలు లేనివి, ఏది దొరికితే అది తెచ్చుకున్నాం. నా మొదటి ఆడమ్స్ కథకి చివరి నాలుగు పేజీలు లేవు, ఆ కథ ఎలా ముగిసిందో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది, కానీ ఉన్న పేజీల్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

మీకు చెప్పిన ఆయన కొత్తవి వద్దన్నది ఎందుకంటే, 2003 నుంచి వచ్చిన హార్డ్‌కవర్ సెట్‌లో ఆడమ్స్ తనే పాత కథలకి కొత్త రంగులు వేయించి, కొన్నిచోట్ల గీతలు కూడా మార్చారు. ఆయన బొమ్మ, ఆయన ఇష్టం, నేను తప్పు పట్టను, కాగితం బాగుంది, నలుపు నిజంగా నల్లగా ఉంది. కానీ ఆ 64 రంగులకి తగ్గట్టు గీసిన గీత మీద కంప్యూటర్ షేడ్ వేస్తే, గీత అప్పటికే చేసేసిన పనిని రంగు మళ్ళీ చేస్తుంది, చెప్పిన మాటే రెండోసారి చెప్పినట్టు. డబ్బులు కొంచెం ఎక్కువైనా ఒక్క పాత సంచిక కొనండి, కండిషన్ బాగా లేనిదైనా పర్లేదు, కండిషన్‌కి మార్కులు వేసి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసినది, అంటే గ్రేడింగ్ చేసినది మాత్రం వద్దు, తెరిచి చూడటానికి ఉండదు. తెరిచి ఆ కాగితం వాసన చూసి, ఆ ముతక చుక్కల మధ్య గీత ఎంత గట్టిగా నిలబడిందో చూశాక, మిగతావి హార్డ్‌కవర్‌లో చదువుకోండి.

ఇంకో సంగతి, ఆడమ్స్ 2022 ఏప్రిల్‌లో పోయారు. ఆయన్ని గుర్తు చేసుకునేటప్పుడు బొమ్మలతో పాటు ఇది కూడా గుర్తు పెట్టుకోవాలి. సూపర్‌మ్యాన్‌ని సృష్టించిన సీగల్, షూస్టర్ ముసలితనంలో చేతిలో డబ్బు లేక, పుస్తకాల మీద పేరు కూడా లేక ఉంటే, ఈయన తన పనులు పక్కన పెట్టి పేపర్ల వాళ్ళతో, టీవీ వాళ్ళతో మాట్లాడి, ఆ పోరాటం ముందుండి నడిపాడు. 1975 చివర్లో సూపర్‌మ్యాన్ హక్కులున్న కంపెనీ దిగొచ్చి ఇద్దరికీ ఏడాదికి 20,000 డాలర్ల చొప్పున పెన్షన్ ఇచ్చింది, వాళ్ళ పేర్లు మళ్ళీ సూపర్‌మ్యాన్ పక్కన అచ్చయ్యాయి. గీసిన అసలు పేజీలు గీసినవాళ్ళకే తిరిగివ్వాలని కొట్లాడినవాళ్ళలో కూడా ఆయనే ముందున్నాడు. అప్పటిదాకా ఆ పేజీల్ని చాలాసార్లు ముక్కలు చేసి పారేసేవాళ్ళు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ప్రశ్న: ఇంత రియలిస్టిక్‌గా గీస్తూ బ్యాట్‌మ్యాన్ కళ్ళు మాత్రం తెల్లగా, గుడ్డు లేకుండా ఎందుకు గీస్తారు? (ఇంటర్ విద్యార్థిని, నెల్లూరు)

జవాబు: మంచి ప్రశ్న తల్లీ. దీనికి మూలం మళ్ళీ ఫాంటమే. 1936లో ఫాంటమ్‌ని సృష్టించిన లీ ఫాక్, పాత గ్రీకు విగ్రహాల తలలకి కంటిపాప ఉండదు కదా, ఆ విగ్రహాల్లో ఉండే ఆ గంభీరం కావాలని అలా చేయించానని చెప్పాడు. ముసుగు వేసుకున్న హీరోలు ఆ తర్వాత చాలామంది అదే దారిలో వెళ్ళారు.

రియలిస్టిక్‌గా గీసేవాడికి ఇది పెద్ద ఇబ్బంది, ఎందుకంటే మొహంలో సగం కథ కళ్ళే చెప్తాయి, ఇక్కడ కళ్ళు లేవు, ముక్కు పైన అంతా నల్ల ముసుగు. 1972లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ 244వ సంచిక నీకు ఎక్కడైనా దొరికితే చూడు. ఎడారిలో రాస్ అల్ గూల్ అనే విలన్‌తో కత్తియుద్ధం, ఇద్దరికీ చొక్కాల్లేవు, బ్యాట్‌మ్యాన్ ఛాతీ మీద వెంట్రుకలు కూడా గీశాడు ఆడమ్స్, ముసుగు మాత్రం అలాగే ఉంది. ఆ కళ్ళు రెండు తెల్ల చీలికలు, అంతే. నోటి దగ్గర, దవడ దగ్గర, మెడ నరాల దగ్గర ఏం చేశాడో వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళు, తర్వాత పై సగాన్ని అరచేత్తో మూసి చూడు, ఆయాసం, కోపం, భయం ఏ ప్యానెల్లో ఏది ఉందో నీకు కింద సగంలోనే తెలిసిపోతుంది.